తూకం చీటీ

యూనివర్సిటీ నుంచి కాగితమొకటి వచ్చింది.
బి.ఏ. పిల్లలకు బీజగణితం
ఉంచాలా, తీసేయాలా?
రెండు గళ్ళు. ఒకదాంట్లో టిక్కు పెట్టి
శనివారంలోగా పంపమన్నారు.

చిత్తూరులో జూన్ నెల.
కాలేజీ గోడ అవతల, బెంగళూరు రోడ్డు మీద
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా ట్రాక్టర్లు.
తోతాపురి ఎండకు మగ్గి
స్టాఫ్ రూములోకీ పులిసిన తీపి వాసన.
ఫ్యానుకు ఆ వాసన తప్ప తిప్పేందుకేమీ లేదు.

హిస్టరీ మేడమ్ అంటుంది:
"శాసనాలు చదివే పిల్లకి వర్గ సమీకరణం దేనికమ్మా,
పానకంలో పుడకలా?"
ప్రిన్సిపాల్ గొంతు తగ్గించి:
"తీసేస్తే నీకు వారానికి ఆరు పీరియడ్లే. ఆలోచించుకో."
సిగ్గుపడకుండా చెబుతున్నా,
మొదట ఆ ఆరు పీరియడ్ల గురించే ఆలోచించాను.

తర్వాత మునికుసుమ గురించి.

మూడుసార్లు తప్పింది.
మిగతా పేపర్లన్నీ గట్టెక్కి
ఈ ఒక్కదాని దగ్గర డిగ్రీ ఆగిపోయింది,
ఆరు మార్కులకి.
ఎస్సై పరీక్ష రాయాలంటే డిగ్రీ ఉండాలి.
"దొంగని పట్టుకునేదానికి ఎక్స్ కావల్నా మేడమ్?"
నవ్వకుండా అడిగింది.
దొంగే ఎక్స్ అన్న జవాబు
రాత్రి పడుకున్నాక గానీ నాకు తట్టలేదు.

నిన్న ట్రాక్టరు పక్కన కనిపించింది.
ఆ వరుసలో వాళ్ళకది నాలుగో పొద్దు.
తల మీద తుండు, చేతిలో రాగి అంబలి సీసా.
"నాలుగు టన్నులు మేడమ్.
కిలోకి నాలుగు రూపాయలిస్తే పదహారు వేలు.
కోత కూలి ఆరు. బాడుగ పొద్దుకి రెండున్నర.
ఈ పొద్దు గుంకితే సున్నా.
రేపట్నించి కాయా మాదే, నష్టమూ మాదే."

పెన్ను లేదు, కాగితం లేదు.
ఆ లెక్కనే నేను పరీక్షలో
పడవలెక్కించి, ప్రవాహానికి ఎదురు నడిపి ఇచ్చాను.
తెల్ల కాగితం ఇచ్చి లేచిపోయింది.

"ఇది నీకు వచ్చు కదే!" అన్నాను, గెలిచినట్టు.
"వచ్చి ఏం చేసినాం మేడమ్? నిలబడే ఉండాం కదా.
ఎనక్కి తిప్పుకోని పోతే
ఆ లెక్క ఇంకా పెద్దది."

మొన్నటి లోడు తాలూకు తూకం చీటీ తీసి చూపించింది.
బండి నంబరు ఉంది. బరువు ఉంది. తరుగు ఉంది.
ధర గడి ఖాళీ.
"తర్వాత రాస్తామన్నారు.
మీరేమో ఎక్స్‌ని కనిపెట్టమంటారు.
ఈడ ఎక్స్‌ని లోపల ఎవురో కూర్చోని రాస్తారు మేడమ్."

ఇరవై రెండేళ్ళుగా
ఎక్స్‌ని ఒంటరిని చేసి బోర్డుకి ఇటు పక్క నిలబెట్టాను.
అటు పక్క ఎవరున్నారని ఒక్కనాడూ అడగలేదు.

ఆ లోపల కూర్చున్నవాడు
ఈ పాఠం చదివే ఉంటాడు.
అందుకని ఈ పిల్లా చదివి తీరాలంటానా?
చదవలేదని ఈ పిల్లను బయటే నిలబెడతానా?
ఆ రోడ్డు మీద గేటు ఒక్కటే అనుకున్నాను.
నేనూ ఒక గేటునే.

ఫ్యాక్టరీ వెనక టెంకల గుట్ట ఉంటుంది.
గుజ్జు డ్రమ్ముల్లోకెక్కి ఓడరేవుకి పోయాక
మిగిలిన బీజం అది.
తొలకరికి కొన్ని మొలుస్తాయి,
ఎవరూ పాస్ చేయకుండానే,
అని రాసి, కొట్టేశాను.
మొలిచినవాటిని నర్సరీ వాళ్ళు కొనుక్కుపోయి
తల కోసి
వేరే చెట్టు కొమ్మ అంటుగడతారు.
ఉపమానాలు కూడా మనం తిప్పిన వైపు తిరగవు.

శనివారం.
బల్ల మీద రెండు కాగితాలు:
యూనివర్సిటీది, చీటీకి తీయించిన జిరాక్సు.
ఒకదాంట్లో రెండు గళ్ళు ఖాళీ, ఒకదాంట్లో ఒకటి.
పెన్ను మూత పొద్దుట్నుంచీ తీసే ఉంది.

మునికుసుమకి ఫోన్ చేశాను.
రేపు ఇంటికి రా,
పడవ వద్దు, ప్రవాహం వద్దు,
ఆ చీటీతోనే మొదలుపెడదాం అన్నాను.

అటు నుంచి హారన్లు, ఎవరో ఎవర్నో తిడుతున్న గొంతు.
"వస్తా మేడమ్," అంది,
"లోడు దిగితే."